కొమ్మువిల్లు: సేకర్తల కొలమానాలు

విష్ణుమూర్తి చేతిలోని విల్లుకు శార్ఙ్గమని పేరు. శృంగమంటే కొమ్ము, కొమ్ముతో చేసినది శార్ఙ్గం. శార్ఙ్గపాణి అన్న పేరే వాడుకలో సారంగపాణి అయినది. ఆ పేరు పెట్టుకొనే ఇళ్లలో సైతం అందులో ఒక కొమ్ము దాగి ఉన్నదని తలచేవారు అరుదు. కొమ్ముతో విల్లు చేసే విద్య పురాణాల మాట మాత్రమే కాదు. తూర్పున చైనా, కొరియాలనుంచి పడమట టర్కీ వరకు ఆసియాఖండంలో వేల సంవత్సరాలు సాగిన పని అది. ఈనాటికీ ఆ పని బ్రతికి ఉన్న దేశాలలో మంగోలియా ఒకటి.

మంగోలియాలో ఏటా వేసవిలో జరిగే నాదం ఉత్సవంలో మల్లయుద్ధం, గుర్రపుపందెం, విలువిద్య అనే మూడు పోటీలు ముఖ్యమైనవి. యునెస్కో సంస్థ 2010లో ఈ ఉత్సవాన్ని మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చినది. అక్కడ పురుషులు 75 మీటర్ల దూరంలో నేలమీద పేర్చిన చిన్న చిన్న తోలుగుండ్రాలను మొనలేని బాణాలతో కొడతారు. ఆ మైదానంలో విల్లు ఒక పనిముట్టు. దాని విలువ ఎంతో తేల్చేది గురి.

అదే విల్లు దేశం దాటి సేకర్తల చేతికి వచ్చేసరికి సంగతి మారుతున్నది. పాతవీ కొత్తవీ కొమ్మువిండ్లను ఒకరినుంచి ఒకరు కొనడం, అమ్మడం, ఒకదానికి మరొకటి మార్చుకోవడం చాలాకాలంగా సాగుతున్న వ్యవహారం. ఈ వ్యవహారం అసలే కూడదని చెప్పడానికి వీలులేదు. దానివల్ల కలిగిన మేలును గురించి ముందు చెప్పవలసి ఉన్నది. కాని అందులో విలువ కట్టే పద్ధతిని మాత్రం శాస్త్రదృష్టితో పరీక్షించక తప్పదు. పేరు, వయస్సు, బరువు అనే మూడు కొలమానాలతో అక్కడ ధర నిర్ణయమవుతున్నది. మూడింటిలోనూ లోపమున్నది. ఆ లోపాలు తెలియాలంటే విల్లు లోపల ఏమున్నదో మొదట తెలియాలి.

విల్లు లోపలి సంగతి

దీర్ఘచతురస్రాకారపు రబ్బరుముక్క ఒకదాని పక్కన సిరాతో దగ్గరదగ్గరగా నిలువుగీతలు గీసి, దానిని విల్లులా వంచి చూస్తే విద్యార్థికి ఒక విషయం కంటికి కనబడుతుంది. వంపుకు వెలుపలి అంచున గీతలు ఎడమవుతవి. లోపలి అంచున దగ్గరపడతవి. నడుమ మాత్రం వాటి మధ్య దూరం దాదాపు మారదు. వంగిన ప్రతి వస్తువులోనూ ఇదే జరుగుతుంది. బయటి పొర సాగుతుంది, లోపలి పొర నొక్కుకొనిపోతుంది, నడిమి పొర తటస్థంగా ఉంటుంది.

కొమ్మువిల్లు చేసినవాడు ఈ సూత్రాన్ని పుస్తకంలో చదివి ఉండడు. అయినా దానినే ఆచరించినాడు. గురివైపున ఉండే విల్లు వీపు సాగవలసిన భాగం. అక్కడ పశువుల కాళ్ల వెనుక తాడులా ఉండే గట్టి నరాన్ని ఎండబెట్టి, సుత్తితో మోది, పోగులుగా చీల్చి, జంతుబంకలో తడిపి పొరలుపొరలుగా అంటిస్తాడు. ఈ నరాన్నే శాస్త్రంలో స్నాయువు అంటారు. విలుకానివైపున ఉండే విల్లు పొట్ట నొక్కుడుపడే భాగం. అక్కడ కొమ్ముపలక అంటిస్తాడు. నడుమ కర్రగాని వెదురుగాని ఉంటుంది. తేమ తగలకుండా వీపుపైన బర్చిచెట్టు పట్ట చుట్టడం మంగోలియా విండ్లలో సాధారణం. మన గ్రంథాలలో భూర్జపత్రమని వినబడేది ఈ జాతి చెట్టు పట్టయే.

ఈ అమరికలోని బలం అంకెలలో తెలుస్తుంది. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జె. ఇ. గోర్డన్ 1978లో వెలువరించిన నిర్మాణశాస్త్ర గ్రంథంలో వివిధ పదార్థాలు ఒక్కొక్క కిలోగ్రాముకు ఎంత స్థితిస్థాపకశక్తిని నిలవచేసుకొనగలవో ఉజ్జాయింపుగా పట్టిక ఇచ్చినాడు. స్ప్రింగు ఉక్కు 130 జౌళ్లు, ఇంగ్లీషు విండ్లకు పేరుపడిన యూ కర్ర 900, కొమ్ము 1500, స్నాయువు 2500. కర్ర తన పొడవులో నూటికి ఒక వంతు సాగితే విరిగే స్థితికి వస్తుంది. కొమ్ము 4 వంతులు, స్నాయువు 8 వంతులు ఓర్చుకొంటవి. అందుచేతనే గుర్రంమీదనుంచి వాడదగినంత పొట్టివిల్లును కూడ విరగకుండా చాలా వెనుకకు లాగడం సాధ్యమైనది.

ఇంకొక విశేషమున్నది. అంటించిన స్నాయువు ఆరేకొద్దీ కుంచించుకొని విల్లును వీపువైపునకు లాగుతుంది. నారి తీసివేసిన కొమ్మువిల్లు అందుచేతనే ఎదురువంపు తిరిగి ఉంటుంది. నారి ఎక్కించడానికి దానిని ఆ వంపుకు విరుద్ధంగా తిప్పవలె. అంటే బాణం తొడగకముందే విల్లులో కొంత శక్తి చేరి ఉంటుందన్నమాట. ఇదంతా ఆరి గట్టిపడడానికి నెలల కాలం పడుతుంది. బంక పూర్తిగా ఆరకముందే తొందరపడి నారి ఎక్కిస్తే విల్లు పాడవుతుంది.

మొదటి కొలమానం: పేరు

మంగోల్ విల్లు అనగానే కొనేవాడి మనస్సులో చెంగిజ్‌ఖాన్ మెదలుతాడు. అమ్మేవాడికి ఇది తెలుసు. ఖాన్ తమ్ముని కుమారుడైన ఇసుంగె 335 బారల దూరం బాణం వేసినాడని చెక్కిన 13వ శతాబ్దపు రాతిశాసనం ఒకటి నేడు సెయింట్ పీటర్స్‌బర్గులోని హెర్మిటేజ్ ప్రదర్శనశాలలో ఉన్నది. బారలను మీటర్లలోకి మారిస్తే అది అర కిలోమీటరు దాటుతుంది. విండ్ల వర్ణనలలో ఈ రాతి ప్రస్తావన తరచు వస్తుంది. కాని ఆ విల్లు ఎట్టిదో, ఆ బాణం ఎంత తేలికైనదో శాసనంలో లేదు. దూరానికి వేసే బాణం వేరు, యుద్ధంలో వేసే బాణం వేరు. శాసనంలోని దూరం ఇసుంగె ఘనత; సంతలోని విల్లు ఆ ఘనతలో పాలు అడగజాలదు.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి. నేడు మంగోల్ విల్లు అన్న పేరుతో చేతులు మారుతున్న వాటిలో ఎక్కువభాగం చెంగిజ్‌ఖాన్ కాలపు తరహావి కావు. 1691లో ఖల్ఖా మంగోలులు మంచూ చక్రవర్తి ఆధిపత్యాన్ని అంగీకరించినారు. 1911 వరకు ఆ పాలన సాగినది. ఆ కాలంలో మంచూ తరహా విల్లు మంగోలియాలో వ్యాపించినది. పొడవైన గట్టికొనలు, ఆ కొనల మొదట నారి వచ్చి ఆనుకొనే చిన్నదిమ్మలు దాని గుర్తులు. నాదం ఉత్సవంలో నేడు కనబడే విల్లు ఈ వంశానిదే. 13, 14 శతాబ్దాల చిత్రాలలో కనబడే విండ్లు దీనికంటె చిన్నవి. వాటి కొనలు కూడ పొట్టివి.

ఈ భేదం కేవలం అలంకారంలో కాదు. పొడవైన కొన మీటపుల్లలా పనిచేసి, చివరిదాకా లాగేటప్పుడు చేతికి కష్టం తగ్గిస్తుంది. కాని ఆ కొనకు బరువుండటం చేత, నారి వదలినప్పుడు నిలవ ఉన్న శక్తిలో కొంతభాగం కొనలను కదపడానికే ఖర్చవుతుంది. తేలిక బాణానికి ఇది నష్టం. బరువైన, పొడవైన బాణాన్ని దగ్గరి గురికి బలంగా కొట్టడానికి ఇది తగినది. రెండు తరహాలకు రెండు ప్రయోజనాలు. రెండింటినీ ఒకే పేరుకింద అమ్మడం చరిత్రకూ అన్యాయమే, యంత్రశాస్త్రానికీ అన్యాయమే. మంచూ తరహా అని చెబితే విల్లు విలువ తగ్గిపోదు. మంగోలులు 3 శతాబ్దాలకు పైగా తమదిగా చేసుకొని వాడిన విల్లు అది.

రెండవ కొలమానం: వయస్సు

పాతదనం ఎంత ఎక్కువైతే ధర అంత ఎక్కువ. నూరేళ్లదని ఒకడంటే, రెండువందల యేళ్లదని మరొకడంటాడు. రుజువు అడిగితే రేడియోకార్బన్ పరీక్ష అని సమాధానం వస్తుంది. ఆ పరీక్షకు ఉన్న హద్దు తెలిసినవారు ఆ మాటతో తృప్తిపడరు.

కార్బన్-14 అర్ధజీవితకాలం 5730 సంవత్సరాలు. వేల సంవత్సరాల నాటి వస్తువులకు ఆ కొలత చక్కగా పనికివస్తుంది. కాని సుమారు 1650నుంచి 1950 వరకు గల కాలంలో గాలిలోని కార్బన్-14 పరిమాణం హెచ్చుతగ్గులకు లోనైనందువల్ల, ఆ 300 సంవత్సరాలలో ఒకే కొలతకు రెండు మూడు తేదీలు సరిపోతవి. మార్కెట్టులో తిరిగే కొమ్మువిండ్లలో పాతవి దాదాపు అన్నీ ఈ కాలానివే! 1750 నాటి విల్లునూ 1880 నాటి విల్లునూ వేరుచేసి చూపమని ఈ పరీక్షను అడగడం, గంటలముల్లు మాత్రమే ఉన్న గడియారాన్ని సెకన్లు చెప్పమనడం వంటిది.

అయితే అదే పరీక్ష మరొక ప్రశ్నకు గట్టి సమాధానం చెప్పగలదు. 1950ల మధ్యనుంచి జరిగిన అణ్వస్త్ర ప్రయోగాలవల్ల గాలిలో కార్బన్-14 విపరీతంగా పెరిగి, 1963 ప్రాంతంలో ఉత్తరార్ధగోళంలో దాదాపు రెట్టింపైనది. ఆ తరువాత బ్రతికిన పశువు నరంలో, కొమ్ములో ఆ అదనపు గుర్తు ఉంటుంది. కనుక పురాతనమని చెప్పి అమ్మే విల్లు నిన్నమొన్నటిదైతే పట్టుబడుతుంది. పాత కొమ్మును కొత్త విల్లులో అతికించినా నరాన్ని పరీక్షించి తెలుసుకోవచ్చును. ఒక్కొక్క భాగాన్నీ విడిగా పరీక్షించవలెనన్న నియమం అందుకే.

వయస్సుకే విలువ కట్టే అలవాటువల్ల మరొక చెరుపున్నది. నేడు బ్రతికి ఉన్న పనివాడు ఎంత నేర్పుతో చేసినా అతని విల్లు కొత్తది కాబట్టి తక్కువదైపోతుంది. ఆ తేడా చూసి కొత్త విల్లుకు పొగ పట్టించి, మసి పూసి, పాతదిగా చలామణి చేసే ప్రలోభం పుడుతుంది. అప్పుడు నష్టపోయేది కొన్నవాడొక్కడే కాదు. మంచిపని చేసి తన పేరుతో అమ్ముకొనదలచిన పనివాడుకూడ నష్టపోతాడు.

మూడవ కొలమానం: బరువు

విల్లును ఫలానా దూరం లాగడానికి ఎంత బలం కావాలో చెప్పే అంకెను లాగుడు బరువంటారు. ఇది మిగిలిన రెండింటికంటె శాస్త్రీయంగా కనబడుతుంది. కాని సగం చెప్పిన అంకె అబద్ధానికి దగ్గరగా ఉంటుంది.

నేటి విలువిద్యలో బరువును 28 అంగుళాలు, అంటే సుమారు 71 సెంటీమీటర్లు లాగి కొలవడం ఆనవాయితీ. మంచూ తరహా విల్లు అంతకంటె చాలా వెనుకకు లాగడానికి చేసినది. దానిని 28 అంగుళాలవద్ద ఆపి తూచితే దాని పూర్తిబలం తెలియదు. ఎంతదూరం లాగి కొలిచినారో చెప్పని బరువుకు అర్థం లేదు.

రెండవది, విల్లులో నిలవ ఉండే శక్తి చివరి బలంపైన మాత్రమే ఆధారపడదు. లాగుడు దూరాన్ని అడ్డంగానూ బలాన్ని నిలువుగానూ తీసుకొని గ్రాఫు గీస్తే, గీతకింది వైశాల్యం శక్తి అవుతుంది. ఉదాహరణకు రెండు విండ్లను తీసుకొని, రెండింటి చివరి బలం 250 న్యూటన్లనీ, నారి కదలిన దూరం 0.55 మీటర్లనీ అనుకొన్నట్లయితే: మొదటిదాని గీత తిన్నగా పెరిగితే సగటుబలం 125 న్యూటన్లు, శక్తి సుమారు 69 జౌళ్లు. రెండవదాని గీత మొదటనే పైకి ఉబికి సగటుబలం 150 న్యూటన్లైతే శక్తి 82.5 జౌళ్లు. చివరి బరువు ఒకటే. శక్తిలో తేడా దాదాపు అయిదోవంతు! ఎదురువంపు బాగా నిలిచి ఉన్న కొమ్మువిల్లుకు గీత ఇట్లా ఉబుకుతుంది. ఏళ్లతరబడి నారి దించక ఉంచి అలసిపోయిన విల్లుకు ఉబకదు.

ఆ శక్తిలో బాణానికి అందేది ఎంత అన్నది మరొక లెక్క. రెండవ విల్లునుంచి 50 గ్రాముల బాణం సెకనుకు 50 మీటర్ల వేగంతో వెళితే దాని గతిశక్తి 62.5 జౌళ్లు, అంటే నిలవలో నూటికి 76 పాళ్లు. ఈ లెక్కకు కావలసినది ఒక స్ప్రింగు తూనిక, ఒక కొలబద్ద, బాణం వేగం కొలిచే సాధనం మాత్రమే. ఉన్నత పాఠశాల విద్యార్థి చేయగల ఈ పనిని వేలకువేలు పోసి కొనేవారు చేయించకపోవడం వింతగానే ఉన్నది.

తెలియక చేసే చెరుపు

తప్పుడు కొలమానాలు డబ్బుకు మాత్రమే నష్టం తేవు. వస్తువునే నాశనం చేస్తవి. కొమ్మువిల్లు పార్సెలులో చేరేటప్పుడు అర్ధచంద్రాకారంగా ఎదురు తిరిగి ఉంటుంది. దాని నిర్మాణం తెలియనివాడు కనబడే వంపే అసలు వంపనుకొని ఆ వైపునే నారి కడతాడు. అప్పుడు నొక్కుడుకోసం పెట్టిన కొమ్ము సాగవలసి వస్తుంది. సాగుడుకోసం పెట్టిన నరం నొక్కుకొనిపోతుంది. కొమ్ముపలక బంక వీడి లేస్తుంది. నెలల తరబడి జరిగిన పని క్షణంలో పోతుంది. సరియైన వైపు తెలిసినవాడు కూడ విల్లును మెల్లగా వెచ్చచేసి, కొయ్య అచ్చుల సహాయంతో, కొనలు మెలిపడకుండా చూసి నారి ఎక్కిస్తాడు.

రెండవ శత్రువు తేమ. జంతుబంక, స్నాయువు రెండూ ప్రధానంగా కొల్లాజెన్ అనే మాంసకృత్తుకు చెందినవి. గాలిలోని తేమను పీల్చి మెత్తబడడం వాటి స్వభావం. మంగోలియా పొడిగాలిలో బిగువుగా ఉన్న విల్లు సముద్రతీరపు నగరంలో వానకాలం గడిపితే బలం తగ్గుతుంది. మితిమీరిన ఎండుదనంలో కొమ్ము చీలవచ్చు. అమ్మేవాడు ఈ రెండు సంగతులు ఒక కాగితంమీద వ్రాసి విల్లుతో పంపితే చాలును.

సేకర్తల పక్షాన

ఇంత చెప్పినా, సేకర్తలందరినీ ఒకే గాటకట్టడం న్యాయం కాదు. అమెరికన్ భౌతికశాస్త్రజ్ఞుడు పాల్ క్లోప్‌స్టెగ్ టర్కీ కొమ్మువిండ్లను శ్రద్ధగా పరిశీలించి 1934లో ఒక గ్రంథం ప్రకటించినాడు. 19వ శతాబ్దంలో ముస్తఫా కానీ అనే టర్కీదేశస్థుడు వ్రాసిపెట్టిన విషయాలు దానికి ఆధారమైనవి. కానీ వ్రాసి ఉండకపోతే, ఆ వ్రాతను విండ్లతో పోల్చి చూసేవారు లేకపోతే, ఆ విద్యలో చాలాభాగం మరుగునపడి ఉండేది. ఒక దేశంలో ఆదరణ తగ్గిన పనికి మరొక దేశంలోని కుతూహలం కొంతకాలం ఊపిరి పోయగలదు. పనివాడు చేసిన విల్లును సరియైన ధరకు కొనేవాడు ఆ పనిని నిలబెట్టేవాడే.

కాని క్లోప్‌స్టెగ్‌కూ, వర్ణన చదివి విల్లు కొని గోడకు తగిలించేవానికీ భేదమున్నది. మొదటివానివల్ల విల్లు ప్రశ్నలకు సమాధానం చెప్పినది. రెండవవానివద్ద విల్లు మూగపోయినది. చేతులు మారినప్పుడల్లా విల్లు ఎక్కడ పుట్టిందో, ఎవరు చేశారో, ఎప్పుడు మరమ్మతు అయిందో చెప్పే మాటలు కొన్ని రాలిపోతవి. నాలుగవ యజమాని చేతికి వచ్చేసరికి మిగిలేది పేరు, ధర మాత్రమే.

ఉండవలసిన కొలమానం

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. ప్రతి కొమ్మువిల్లుకూ ఒక జాతకపత్రం ఉండవలె. చేసినవాని పేరు, ఊరు, సంవత్సరం. తెలియకపోతే తెలియదన్న మాట. వాడిన పదార్థాలు: కొమ్ము నీటిగేదెదా, కొండమేకదా, నడుమ కర్రా, వెదురా. నారి ఉన్నప్పుడూ లేనప్పుడూ తీసిన కొలతలు, బొమ్మలు. కొన్ని కొన్ని సెంటీమీటర్లకు కొలిచిన బలాల పట్టిక, ఆనాటి గాలిలోని తేమతో సహా. మరమ్మతుల వివరం. తోలుకింద గాజునార పెట్టి కొమ్మని చెప్పే మోసాన్ని ఎక్స్‌రే చిత్రంతో తేల్చవచ్చును.

ఆ పత్రంలో చట్టానికి సంబంధించిన గడి ఒకటి కూడ ఉండాలి. అంతరించే జాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒడంబడిక 1973లో కుదిరి 1975నుంచి అమలులో ఉన్నది. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అరికట్టే యునెస్కో ఒడంబడిక 1970 నాటిది. కొమ్ము ఏ జంతువుదో, పాతవిల్లు ఏ దారిన దేశం దాటిందో చెప్పలేనివాడు ఎంత సొగసైన విల్లు చూపినా కొనకూడదు.

ఈ విధంగా వ్రాసిన నూరు పత్రాలు ఒకచోట చేరితే, అవే ఒక పరిశోధనాగ్రంథానికి ముడిసరుకవుతవి. ఏ ప్రాంతపు పనివాడు నరం ఎంత మందంగా వేసినాడో, ఏ కొమ్ము ఎన్నేళ్లు నిలిచిందో, ఏ కొన పొడవుకు ఏ బరువు బాణం తగినదో వాటినుంచి తేలుతుంది. అది చదివి కొత్త పనివాడు తన విల్లును సవరించుకొంటాడు. శార్ఙ్గమన్న మాట మనకు మిగిలింది. దానిని చేసిన కొలతలు మిగలలేదు. మంగోలియా విల్లు విషయంలో కొలతలు తీయడానికి ఇంకా వ్యవధి ఉన్నది. విల్లును గోడకు తగిలించేముందు సేకర్త తూనికనూ కొలబద్దనూ ఒకసారి చేతబట్టితే ఆ పని మొదలైనట్లే.